కొసరు నీళ్లు

లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు
ఏప్రిల్ 6

మామయ్యా,

ఈ వారం నేను కొన్ని కోట్ల ప్రాణాలు తీశాను. కంగారు పడకు, పోలీసులు రారు.

బ్లడ్ బ్యాంకులో చేరి నెల దాటింది కదా, ఇప్పుడు ఎర్రకణాలు కడగడం నేర్పుతున్నారు. గాజు గొట్టంలో రవ్వంత రక్తం తీసుకుని, ఉప్పునీళ్లు పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడితే కణాలు అడుక్కి చేరతాయి. పైన తేరిన నీళ్లు వంపేసి మళ్లీ పోయాలి. బియ్యం కడిగినంత తేలిక. షెల్ఫులో రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో ఉప్పునీళ్లు, ఇంకోదాంట్లో ఏమీ కలపని శుద్ధమైన నీళ్లు. నేను రెండోది తీశాను. చూసుకోక కాదు, చదివే తీశాను. కడగడానికి శుద్ధమైన నీళ్లకంటే మంచివి ఏముంటాయిలే అనుకున్నాను.

బురద బురదగా ఉండాల్సిన గొట్టం చూస్తుండగానే తేటపడింది. ఎర్రటి షర్బత్‌లాగా, అవతల కాగితం పెడితే అక్షరాలు చదవచ్చు. యంత్రంలో ఎంత తిప్పినా అడుగున ఏమీ చేరలేదు. కణాలన్నీ నీళ్లు తాగి, ఉబ్బి, పగిలిపోయాయి.

పెద్ద మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఎందుకు పగిలాయి?" అంది. నీళ్లు ఎక్కువై అన్నాను. "నీళ్లు లోపలికి ఎందుకు వెళ్లాయి?" అంది. కాలేజీలో బట్టీపట్టిన పేరు ఒకటి అప్పజెప్పాను. "నేను పేరు అడగలేదు" అంది. నెల తిరిగేలోగా సైన్సు చదవని మనిషికి ఎవరికైనా ఇది అర్థమయ్యేలా చెప్పి, ఆ మనిషి అడిగే ప్రశ్నలు రాసుకుని రావాలట. లేకపోతే నన్ను కణాల జోలికి రానివ్వదట, దాతల పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెడుతుందట.

ప్రశ్నలతో మనిషిని చంపడంలో నాకు తెలిసి నిన్ను మించినవాళ్లు లేరు. ఫోన్ చేద్దామంటే నీకు ఎడమ చెవి వినపడదు, కుడి చెవి ఎవరి మాటా వినదు. అందుకే ఉత్తరం. అడుగు, ఎంత అడుగుతావో.

కిడ్నీలో రాయి ఎలా ఉంది? మార్చిలో నేను రాసింది గుర్తుందిగా. రోజుకు మూడు లీటర్ల నీళ్లు. తగ్గించావో, ఊరుకోను.

నీ పిడుగు


తూకాల కొట్టు
ఏప్రిల్ 14

పిడుగూ,

కోట్ల హత్యలు చేసి హాస్టల్లో హాయిగా అన్నం తింటున్నావన్నమాట. మీ పెద్ద మేడమ్ మంచి మనిషి. మా గురువైతే చెవి మెలేసి ఉండేవాడు. "నేను పేరు అడగలేదు" అన్న మాట నాకు భలే నచ్చింది. కొట్టులో గోడ మీద రాసుకుందామనుకుంటున్నాను.

రాయి పడిపోయింది. నలభై ఏళ్లు తూకం రాళ్లతో బతికినవాడికి ఒంట్లో కూడా రాయే పుట్టడం న్యాయమేనని మీ అత్తయ్య వీధంతా చెప్పుకొస్తోంది. నీళ్ల సంగతి నాకు చెప్పాలా? నువ్వు మూడు లీటర్లు అన్నావు. తూకం మనిషి ఎప్పుడూ కచ్చితంగా వేసి చేతులు దులుపుకోడు, కొసరు వేస్తాడు. కొలత గ్లాసుతో లీటరు, దానిమీద అరలీటరు కొసరు. అలా మూడు సార్లు. రాయి పడ్డాక కూడా మానలేదు, మళ్లీ పుట్టదని ఏమిటి నమ్మకం? అప్పుడే డాక్టరు బీపీ చూసి ఒక బిళ్ల రాసి, ఉప్పు తగ్గించమన్నాడు. తగ్గించడం ఎందుకు, అసలు మానేస్తే పోలా అని మానేశాను. మీ మామయ్య ఏ పనీ సగం చేయడు.

ఒక్క నడుమే ఇంకా కుదుటపడలేదు. ఇరవై కిలోల ఇనుప గుండ్లు ఎత్తలేక మూలన పడేశాను. మరి పెద్ద తూకాలు ఎలా సరిచూస్తున్నావంటావా? నేనే గుండు. ఇరవై ఏళ్లుగా పొద్దున ఏమీ తినకముందు, ఈ పని బట్టల్లో, నా బరువు అరవై రెండు కిలోలు. ఒక గ్రాము అటూ ఇటూ అయితే ఒట్టు. గోదాముకో పార్సిల్ ఆఫీసుకో ఇనుము మోసుకుపోవడం ఎందుకు? నేను ఎక్కి నిలబడితే ముల్లు అరవై రెండు దగ్గర ఆగాలి. ఆగకపోతే తప్పు తూకానిది. ఈ సులువు మా గురువు నేర్పింది కాదు, నేను కనిపెట్టింది. తన వంటకు ఇంతకంటే అవమానం లేదని మీ అత్తయ్య అంటుంది, అది వేరే సంగతి.

ఇక ప్రశ్న. కణంలోకి నీళ్లు వెళ్లాయన్నావు. నా కొట్టులో ఏదీ ఊరికే కదలదు. బరువు పడితేనో, చేత్తో తోస్తేనో కదులుతుంది. మరి నీళ్లను ఎవరు తోశారు?

మామయ్య


లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు
ఏప్రిల్ 20

మామయ్యా,

నీ ప్రశ్న చూసి పెద్ద మేడమ్ నవ్వింది. నేను ఆవిడ నవ్వు చూడటం ఇదే మొదలు. ఆవిడ చెప్పిందీ, నాకు అర్థమైందీ రాస్తున్నాను.

ఎవరూ తోయరు. నీటి రేణువులు ఒకచోట కుదురుగా ఉండవు, ఊరికే తిరుగుతుంటాయి. కణానికి చుట్టూ పల్చటి పొర, ఆ పొరలో నీళ్లకు మాత్రమే పట్టే సన్నటి దారులు. ఒకదాని వెనక ఒకటి వరుసలో వెళ్లాలి. ఉప్పుకు ఆ దారి పట్టదు. ఇప్పుడు రెండు గదులు, మధ్యలో ఒక తలుపు అనుకో. ఒక గదిలో అందరూ ఊరికే తిరిగేవాళ్లే. రెండో గదిలో సగం మంది సామాన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు, వాళ్లతో కబుర్లలో పడి తిరిగేవాళ్లు కూడా కొందరు ఆగిపోతారు. తలుపు దాటి ఇటు వచ్చేవాళ్లు ఎక్కువ, అటు వెళ్లేవాళ్లు తక్కువ. కాసేపటికి రెండో గది కిక్కిరిసిపోతుంది. సామాన్లవాళ్లంటే కణం లోపల కరిగి ఉన్న ఉప్పూ, మిగతా సరుకూ. బయట నేను పోసింది వట్టి నీళ్లు. అంతే, నా కణాల గది గోడలు బద్దలయ్యాయి.

మేడమ్ నాతో పది గొట్టాలు పెట్టించింది. లీటరు నీళ్లకు తొమ్మిది గ్రాముల ఉప్పు వేసినదాంట్లో కణం హాయిగా ఉంది. ఉప్పు తగ్గిస్తూ పోతే ఉబ్బుతుంది గానీ, అయిదు గ్రాముల దాకా ఓర్చుకుంటుంది. నాలుగు దగ్గర కొన్ని పగిలాయి. మూడుకు వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఉప్పు తొమ్మిది దాటించి బాగా పెంచితే అప్పుడు నీళ్లు బయటికొచ్చేసి, కణం ముడతలు పడుతుంది. ఉబ్బేది కూడా ఒక్కసారిగా కాదు, పైకి ఏమీ తెలియనివ్వకుండా ఉబ్బి, ఇక పట్టదనుకున్నప్పుడు పగులుతుంది. ఆ ఓర్చుకునే వేళే నన్ను ఆశ్చర్యపెట్టింది.

నీ దగ్గర రక్తం లేదు గానీ బంగారం తూచే చిన్న తూకం ఉంది కదా. ఒక ఆలుగడ్డ కోసి, పది గ్రాముల ముక్కలు మూడు తీసుకో. ఒకటి మంచినీళ్లలో, ఒకటి లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పునీళ్లలో, ఒకటి బాగా ఉప్పు వేసిన నీళ్లలో పొద్దున వేసి సాయంత్రం తూచు. ఏమవుతుందో నేను చెప్పను.

నీ పిడుగు


తూకాల కొట్టు
ఏప్రిల్ 29

పిడుగూ,

ఎంత పని చేశావే! రెండు రోజులు కొట్టు పని మానేసి ఆలుగడ్డలు తూచుకుంటూ కూర్చున్నాను.

మంచినీళ్లలో వేసిన ముక్క పది గ్రాములది పదకొండున్నర అయింది. పలకలాగా బిర్రుగా ఉంది, వంచితే ఫట్టుమంది. తొమ్మిది గ్రాములదాంట్లో వేసింది ఇంచుమించు పదే. బాగా ఉప్పు వేసినదాంట్లోది ఏడు దగ్గరికి పడిపోయి తడిగుడ్డలాగా వేలాడింది. ఇంట్లో మనిషికి లేని ఉప్పు ఆలుగడ్డకు దొరికిందని మీ అత్తయ్య మూతి తిప్పింది. ఒక ముక్క తాను తాగిన నీళ్లను తూకంలో చూపించడం నా నలభై ఏళ్లలో చూడలేదు. చూసేవాళ్లకు నీళ్లు ఎక్కడా కనపడవు, పైన తుడిచేశాను కదా. లోపల ఉన్నాయి, అంతే. బరువు మాత్రం అబద్ధం చెప్పదు.

ఈ నెల ఇంకో చిత్రం. పార్సిల్ ఆఫీసు తూకం ఎక్కితే అరవై రెండు దాటి ముల్లు ఇంకో అరకిలో పోయింది. ఖాళీగా ఉంటే సున్నా సరిగ్గానే చూపిస్తుంది. నిన్న ధాన్యం గోదాములోనూ అంతే, ఏకంగా కిలో తేడా. ఎండలకు స్ప్రింగులు సాగుతున్నట్టున్నాయి. కొక్కేలు జరిపి రెంటినీ అరవై రెండుకు తెచ్చి, ముద్ర వేసి వచ్చాను. ఎండకేనేమో నాకూ తల దిమ్ముగా ఉంది, అన్నం చూస్తే వికారం.

మంచినీళ్లలో వేసిన ముక్క పది గ్రాములది పదకొండున్నర అయింది. పలకలాగా బిర్రుగా ఉంది, వంచితే ఫట్టుమంది.

ప్రశ్న. నీ ఎర్రకణాలు పగిలాయి, నా ఆలుగడ్డ పగల్లేదు. ఎందుకని? నీళ్లు వెళ్తూనే ఉంటే ఎక్కడ ఆగుతాయి?

మామయ్య


లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు
మే 6

మామయ్యా,

గెలిచాం! నీ రెండు ప్రశ్నలూ, ఆలుగడ్డ లెక్కలూ చూపించాను. "మీ మామయ్య ఏ కాలేజీ?" అంది మేడమ్. తూకాల కొట్టు అన్నాను. నన్ను దాతల బల్లకు పంపదట.

ఆలుగడ్డ కణానికి పొర బయట ఇంకో గట్టి గోడ ఉంటుంది. లోపలికి వచ్చే నీళ్లు ఆ గోడను తోస్తాయి, గోడ తిరిగి తోస్తుంది. ఆ రెండూ సమానమైన చోట ఉబ్బడం ఆగుతుంది. మొక్కలు నిటారుగా నిలబడేది ఆ బిగువుతోనేనట. మనిషి కణాలకు ఆ గోడ లేదు. అందుకే మన ఒళ్లు కణాల చుట్టూ ఉన్న నీళ్లలో ఉప్పును ఎప్పుడూ తొమ్మిది గ్రాముల లెక్కలోనే పట్టి ఉంచాలి.

ఇంకో మాట విను, నీకు నచ్చుతుంది. కణం ఉబ్బడం ఆగిందంటే నీళ్ల రాకపోకలు ఆగినట్టు కాదట. వెళ్లేవీ వచ్చేవీ సమానం అయ్యాయంతే. ముల్లు కదలకుండా నిలబడినా పళ్లేలు రెంటిలోనూ బరువు ఉన్నట్టు.

ఆ తొమ్మిది గ్రాములను కనిపెట్టి ఉండే చోటు మెదడులో ఉందట. రక్తం కాస్త ఉప్పదనం ఎక్కితే దాహం పుట్టిస్తుంది, పల్చబడితే దాహాన్ని ఆపేస్తుంది. చూశావా, నీ తూకాలన్నిటికంటే పాత తూకం.

అన్నట్టు ఆలుగడ్డ ముక్క సంగతి ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశావు, అక్షరం పొల్లుపోకుండా. అది కూడా కొసరేనా?

నీ పిడుగు


తూకాల కొట్టు
మే 19

పిడుగూ,

రెండుసార్లు రాశానా? రాసే ఉంటాను. ఈ మధ్య చేసినవే చేస్తున్నానట.

చేయి వణుకుతోంది, అక్షరాలు చూస్తున్నావుగా. మొన్న తూకం ముల్లు చేత్తో పట్టుకుని దాని పేరేమిటో గుర్తురాక చాలాసేపు కూర్చున్నాను. ముల్లు. ఇంత చిన్న మాట. వయసు మీద పడితే ఇంతే కాబోలు. ముద్ర తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నాను. సరిచేసిన తూకం మీద వేయమని తూనికల ఆఫీసు నమ్మి ఇచ్చిన ముద్ర అది. నమ్మకం పోయాక ఉంచుకోకూడదు.

నువ్వు దాహం అని రాశావు. దాహం ఎలా ఉంటుందో మరిచిపోయి చాలా కాలమైంది. అయినా నీళ్లు మాత్రం మానలేదు. మూడూ, దానిమీద కొసరూ, ఒక్క రోజు తప్పలేదు. పిల్ల చెప్పిన పని ఒక్కటైనా సరిగ్గా చేస్తున్నాను.

ప్రశ్న ఒకటి అనుకున్నాను. మరిచిపోయాను.

మామయ్య


(అదే కవరులో, వేరే కాగితం)

అమ్మాయీ,

మీ మామయ్య అన్నీ చెప్పడు, అందుకే నేను రాస్తున్నాను. నేను రాసినట్టు ఆయనకు తెలియనివ్వకు.

వారం కిందట గుమ్మం దగ్గర తూలి పడ్డారు. దెబ్బ తగల్లేదు. డాక్టరుకు చూపిస్తే ఈ వయసులో మతిమరుపు మామూలేనని బలానికి మందు రాశాడు. పొద్దున లేస్తే తలనొప్పి, వికారం. అసలు సంగతి అది కాదు. తూకాల మీద ఫిర్యాదులు వచ్చాయి. పార్సిల్ ఆఫీసువాళ్లూ, గోదామువాళ్లూ, పాత ఇనుము కొట్టువాళ్లూ. ఆయన సరిచేసి ముద్ర వేసినవన్నీ తప్పు చూపిస్తున్నాయట. ఇన్‌స్పెక్టర్ నోటీసు పంపాడు. జూన్ పదిహేనున వచ్చి చూసి, తప్పని తేలితే ముద్ర తీసుకుపోతాడట. ఆ నోటీసు మడిచి దిండు కింద పెట్టుకున్నారు మీ మామయ్య.

నలభై ఏళ్లలో ఒక్క మాట పడని మనిషి. మొన్న నా దగ్గరికి వచ్చి, "ఏమే, నేను మోసం చేశానంటావా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఒకటే నాకు అర్థం కాలేదు. మతి తప్పి చేస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ చూపించాలి కదా. అన్నీ తక్కువే చూపిస్తున్నాయట. అన్నీ ఒకేవైపు.

నీకు తోచింది రాయి.

అత్తయ్య


బ్లడ్ బ్యాంకు, భోజనాల గది
మే 23

మామయ్యా,

ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు ఆస్పత్రిలో ఉంటావు. అత్తయ్యకు ఇప్పుడే ఫోన్ చేశాను. అన్నం ముందు పెట్టుకుని మీ రెండు కాగితాలు చదివాను, ఆ ముద్ద మింగలేదు. నీ నీళ్ల లెక్కా, ఉప్పు మానడమూ, ఆ బిళ్ల సంగతీ మేడమ్‌కు చెబితే, "ముందు ఫోన్, తరవాత ఉత్తరం" అంది. అందుకే ఇది వెనక వస్తోంది. అత్తయ్య నాకు రాసిందని కోప్పడకు, ఆవిడ రాయకపోతే నాకు తెలిసేది కాదు.

తూకాలన్నీ ఒకేవైపు తప్పాయంటే తప్పు తూకాలది కాదు మామయ్యా. గుండుది. నువ్వు ఎక్కితే ముల్లు దాటిందంటే స్ప్రింగులు సాగి కాదు, నీ బరువు పెరిగి. తిని పెరగలేదు, అన్నమే సహించడం లేదన్నావు. నీళ్లు. నువ్వు మంచి తూకాలను పట్టుకుని నీ ఉబ్బుకు సరిపోయేలా వంచావు. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, నీ అరవై రెండు తప్పవుతుందని నీకు తోచనే తోచదు.

రోజుకు నాలుగున్నర లీటర్లు పోస్తున్నావు. తినే ఉప్పు మానేశావు. ఆ బిళ్ల ఉన్న ఉప్పును కూడా మూత్రంలోకి పంపించేసే రకం, పైగా ఎక్కువైన నీళ్లను కిడ్నీ బయటికి తోసేయకుండా అడ్డుపడుతుంది. రక్తం పల్చబడింది, నీళ్లు కణాల్లోకి వెళ్లాయి. ఒళ్లంతా సమానంగా సర్దుకున్నాయి కాబట్టి కాళ్ల వాపు లేదు, ముఖం వాపు లేదు, డాక్టరుకు కనపడలేదు. మిగతా ఒళ్లు సాగుతుంది, మెదడుకు సాగే చోటు లేదు, చుట్టూ ఎముక. తలనొప్పీ, వణుకూ, ముల్లు పేరు మరిచిపోవడమూ అక్కడివి. ఇది నా అనుమానమే, రక్తంలో ఉప్పు ఎంతుందో పరీక్ష చేస్తే తేలుతుంది. నువ్వు మాత్రం సొంత వైద్యం మొదలుపెట్టి ఉప్పు బొక్కకు. చచ్చినా బొక్కకు. అది ఇంకా ప్రమాదం.

మూడు ఆలుగడ్డ ముక్కలను తూచావు మామయ్యా. నిన్ను తూచుకోలేదు.

నీ పిడుగు


ఆస్పత్రి, ఆడవాళ్లు కూర్చునే వరండా
మే 30

అమ్మాయీ,

ఫోన్‌లో సగం చెప్పాను, మిగతాది కుదురుగా రాస్తున్నాను.

నువ్వు అన్నదే నిజమైంది. రక్తంలో ఉప్పు, ఆస్పత్రివాళ్ల లెక్కలో నూట ముప్పై అయిదు ఉండాల్సినది, నూట పద్దెనిమిదికి పడిపోయిందట. ఇక్కడి డాక్టరమ్మ, "ఇది ఎన్నాళ్లుగా జరుగుతోంది? రెండు రోజులా, రెండు నెలలా?" అని పదిసార్లు అడిగింది. గబుక్కున పడిపోయి ఉంటే వేరే వైద్యమట. నెమ్మదిగా పడి ఉంటే నెమ్మదిగానే పైకి తేవాలట. తొందరపడితే ఉబ్బిన మెదడు కణాలు ఒక్కసారిగా ముడుచుకుపోయి, మనిషి మళ్లీ మామూలు కాడట. నాకేం తెలుసు, నేను ఏమని చెప్పను? ఆయన్ను అడిగితే ఆ రోజు ఏ వారమో చెప్పలేకపోయారు.

అప్పుడు ఆయన పని పుస్తకం గుర్తొచ్చింది. ఏ తేదీన ఎక్కడి తూకం ఎంత సరిచేసిందీ అందులో రాసుకుంటారు కదా. పరుగెత్తి తెచ్చాను. ఏప్రిల్ ఇరవై నాలుగు, పార్సిల్ ఆఫీసు, అరకిలో. ఏప్రిల్ ఇరవై ఎనిమిది, గోదాము, కిలో. మే ఏడు, పాత ఇనుము కొట్టు, కిలో ఆరు వందలు. మే పదిహేను, మళ్లీ పార్సిల్ ఆఫీసు, మరో కిలోన్నర. డాక్టరమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ, "ఇది తూకాల లెక్క కాదమ్మా, ఈయన ఒంట్లో నీళ్ల లెక్క" అంది. నెల రోజులుగా ఎక్కుతోందని దాంతోనే తేల్చింది. బిళ్ల ఆపేసి, నీళ్లు కట్టడి చేసి, నాలుగైదు రోజుల మీద కొంచెం కొంచెంగా పైకి తెచ్చారు.

నిన్న పొద్దున కళ్లు తెరిచి, నా చీర అంచు చూసి, ఇది ఎప్పటిదీ అని అడిగారు. పదేళ్ల కిందట ఆయనే తెచ్చారు. "బాగుంది" అన్నారు. అప్పుడు కూడా అనలేదు ఆ మాట.

అత్తయ్య


లేడీస్ హాస్టల్, మూడో అంతస్తు
జూన్ 4

మామయ్యా,

ఇన్నాళ్లూ రాయడానికి మొహం చెల్లలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు చేశాను. మూడు లీటర్లు అని రాసింది నేను. రాయి పడిపోయిందని నువ్వు రాసినప్పుడు, ఇక తగ్గించు అని ఒక్క ముక్క రాయలేదు. నాలుగున్నర తాగుతున్నావని నువ్వు అక్షరాలా రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. ఉప్పు మానానన్నావు, బిళ్ల అన్నావు, వికారం అన్నావు. అన్నీ చదివి నవ్వుకుని నీకు కణాల పాఠాలు చెప్పాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు. రెండుసార్లు రాశావని వెక్కిరించాను కూడా. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఆ రోజు గొట్టంలో వట్టి నీళ్లు పోసి చంపాను. ఇంట్లో మనిషికీ అదే పోశాను. ఈ పనికి నేను తగనేమో అని మేడమ్‌తో అన్నాను. మీ మామయ్యను అడిగి చెప్పు అంది. అందుకే అడుగుతున్నాను.

పిడుగు


తూకాల కొట్టు
జూన్ 17

పిడుగూ,

అక్షరాలు చూశావా? గీత గీసినట్టు లేవూ? ముందు దాన్ని మెచ్చుకుని తరవాత చదువు.

ఇన్‌స్పెక్టర్ మొన్న వచ్చాడు. ఆయన వచ్చేదాకా నేను ఆగలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున తోపుడు బండి మాట్లాడి, ఇనుప గుండ్లు వేయించుకుని, పుస్తకంలో ఉన్న ప్రతి చోటికీ వెళ్లాను. ఎత్తింది కూలీ మనిషి, నేను కాదు, మీ అత్తయ్య పక్కనే నడిచింది. ప్రతి కొట్టులోనూ యజమానిని పిలిచి, "నేను మీ తూకం చెడగొట్టాను, బాగు చేయడానికి వచ్చాను" అని చెప్పాను. మొదటి చోట ఆ మాట అనేముందు బండిలో గుండ్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మూడో చోటికి వచ్చేసరికి అలవాటైపోయింది. పార్సిల్ ఆఫీసు గుమస్తా అయితే నీళ్ల కథ మొత్తం చెప్పేదాకా నన్ను కదలనివ్వలేదు, ఆలుగడ్డతో సహా.

ఇన్‌స్పెక్టర్ తూకాలన్నీ చూశాడు. సరిగ్గా ఉన్నాయి. ముద్ర బల్ల మీద పెట్టి, తప్పు నాదే, తీసుకోండి అన్నాను. పుస్తకం చాలాసేపు తిరగేశాడు. "చేసిన తప్పును గ్రాములతో సహా రాసిపెట్టుకున్నవాణ్ని ఇంతవరకూ చూడలేదు" అన్నాడు. ఇకమీదట ఇనుప గుండు లేకుండా ఏ తూకం మీదా ముద్ర వేయనని కాగితం మీద రాయించుకుని, ముద్ర నా వైపు జరిపాడు. పోయేముందు, "ఇంతకీ ఈ తప్పు పట్టుకుంది ఎవరు?" అని అడిగాడు. మా మేనకోడలు, రక్తం కడిగే ఉద్యోగం చేస్తుంది అన్నాను. ఆ మాట అంటుంటే నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఏ తూకం మీదా తేలదు.

నీ ప్రశ్నకు జవాబు. నువ్వు రాసింది మూడు. దానిమీద కొసరు వేసింది నేను. తగ్గించమన్న ఉప్పు మానేసింది నేను. కడుపు వద్దంటున్నా పోసుకుంది నేను. నీ వంతు తప్పు లేదనను, ఉంది. రాయి పడ్డాక ఆపమనాల్సింది. ఆ తప్పుకు ఎంత బాధపడాలో అంతే పడు, దానిమీద కొసరు వేయకు. తప్పు చేసినవాళ్లంతా పని మానేస్తే ఇవాళ నేనూ కొట్టు కట్టేయాలి. రేపు వెళ్లి కణాలు కడుగు. ఉప్పునీళ్లతో.

నా మరిచిపోయిన ప్రశ్న గుర్తొచ్చింది. నీళ్లకు అంత సన్నటి దారి ఉందన్నావు, ఒకదాని వెనక ఒకటి వెళ్లాలన్నావు. మరి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందా, మూసే తలుపు ఏమైనా ఉందా? ఉంటే ఎవరు మూస్తారు? పేరు అడగడం లేదు.

ఇప్పుడు నేనే మూలనున్న తూకం ఎక్కి దిగి వచ్చాను. గుండ్లతో సరిచూసిన తూకం. అరవై రెండు. నడుస్తూ వస్తుంటే నోరు ఎండినట్టు అనిపించింది, ఏమిటా అని ఒక్క క్షణం ఆగిపోయాను. దాహం! ఎన్ని నెలలకు! మీ అత్తయ్యను పిలిచి చెప్పాను. పరుగున ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చి, నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి చూసింది. ఇంకాస్త తేనా అని అడిగింది. చాలు అన్నాను.

మామయ్య